నిప్పు నోట్లోనే కదా!

పైడితల్లి పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. ఒట్టు మాత్రం నెల తిరక్కుండానే విడిచేసింది. మనవరాలు నీలిమ నెత్తి మీద చెయ్యి పెట్టి, ఇక చుట్ట ముట్టనని కోడలి ముందు వేసిన ఒట్టు అది.

"ఇంకోపాలి ఇంట్లో సుట్ట కంపొచ్చిందంటే మీరు భీమిలి బస్సెక్కీడమే అత్తయ్యా" అని కోడలు మధులత ముందే తేల్చి చెప్పింది. భీమిలి అవతల సొంత ఊరంటే పైడితల్లికి భయమేం లేదు. నీలిమను విడిచి ఉండటమే ఆవిడ వల్ల కాదు.

పైగా ఆవిడది మామూలు చుట్టా? అడ్డపొగ. కాలే కొసను నోట్లో పెట్టుకుని, పెదవులు బిగించి పీలుస్తుంది. ఆ వైపు ఆడవాళ్ళలో చాలామందికి అది చిన్నప్పటి నుంచీ అలవాటు. నిప్పు నోట్లోనే ఉంటే పొగా నోట్లోనే ఉంటుంది, ఇక పిల్లకి తగిలేదేముందని ఆవిడ లెక్క. మరి ముక్కులోంచి బుస్సున వదిలేది ఏమిటనుకుందో ఆ మహాతల్లి! ఉక్కునగరం క్వార్టర్లలో పక్కింటి వాళ్ళు చూస్తే కోడలికి చేరవేస్తారని, కిటికీలు బిగించి మరీ కాల్చేది. బడి నుంచి వచ్చిన నీలిమ యూనిఫాంలోనే ఆ గదిలో మంచం మీద బోర్లా పడుకుని హోంవర్కు రాసుకునేది. కోడలు పని నుంచి వచ్చే వేళకి కిటికీలు తెరిచి, సాంబ్రాణి వేసి కంపు పోగొట్టేది పైడితల్లి.

"అమ్మకి సెప్పకే, నా తల్లివి కదూ."

"సెప్పను నానమ్మా."

ఆ చలికాలం నీలిమకు దగ్గు పట్టుకుంది. పడుకుంటే రొమ్ములో పిల్లికూతలు. మూడో తరగతి పిల్ల, బడికి వెళ్ళిన రోజులకన్నా మానేసిన రోజులే ఎక్కువయ్యాయి. ఇలాగైతే మళ్ళీ మూడులోనే కూర్చోబెట్టాల్సి వస్తుందని టీచరు కబురు పెట్టింది. తప్పంతా ఉక్కు ఫ్యాక్టరీ దుమ్ము మీదకు తోశారు. పైడితల్లికి మాత్రం ఒట్టు తగిలిందేమోనని గుబులు పుట్టి, కనకమాలక్ష్మమ్మకు మొక్కుకుంది. పొగ తగిలిందన్న ఆలోచనే ఆవిడకు రాలేదు.

చివరికి కొడుకు ఉదయ్‌కుమార్ షిఫ్టు మార్చుకుని, కూతుర్నీ తల్లినీ ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ పిల్ల వీపు మీద గొట్టం పెట్టి విని, "ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా?" అని అడిగింది.

"నాను ముట్టనండి. మాయమ్మ సుట్ట కాల్సీది. పిల్ల కోసం ఒక్క మాటతో మానీసిందండి" అన్నాడు ఉదయ్ గర్వంగా.

"చాలా మంచి పని చేశారమ్మా" అంది డాక్టరమ్మ పైడితల్లి వైపు తిరిగి. "పెద్దవాళ్ళు ఎలా కాల్చినా, బయటికి వదిలిన పొగ పక్కనున్న పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. బట్టలకీ పట్టేస్తుంది."

పైడితల్లి పిల్ల వైపు చూసింది. పిల్లను ఇన్నాళ్ళూ దగ్గించింది తానేనా? నిజం నోటిదాకా వచ్చింది. కానీ కొడుకు మొహంలో ఆ గర్వం చూసి, తనది కాని ఆ మెప్పును మింగి కూర్చుంది. అంత సిగ్గుమాలిన పని ఆవిడ జన్మలో చెయ్యలేదు.

ఉదయ్ మందుల కౌంటరు దగ్గర వరసలో నిలబడ్డాడు. బల్ల మీద కూర్చున్న నీలిమ నానమ్మ చెవిలో గుసగుసలాడింది.

"బయపడకు నానమ్మా, నాను సెప్పనేదు కదా. బళ్ళో కూడా సెప్పనేదు."

"బళ్ళో ఏటి సెప్పనేదు?"

"నా యూనిఫాం కంపు కొడతందని నా పక్కన ఎవులూ కూకోరు. దగ్గుమందు వాసనని సెప్పాను. నవ్వుతారని ఒక్కోపాలి కడుపునొప్పని ఎల్లడం మానీసాను."

పైడితల్లి తల ఎత్తలేకపోయింది. ఇంత పిల్ల తన పరువు కాపాడుతుంటే, తాను డాక్టరమ్మ చేత మెప్పులు పొంది వచ్చింది! లేచి, వరసలోకి వెళ్ళి కొడుకు చెయ్యి పట్టుకుంది.

"ఒరే ఉదయ్, నాను మాన్నేదురా. రోజూ సుట్ట కాలుత్తన్నాను. పిల్ల పక్కనే."

వరసలో వాళ్ళంతా తిరిగి చూశారు. ఉదయ్ మొహం మాడిపోయింది. అతను నోరు తెరిచేలోగా నీలిమ పరుగెత్తుకొచ్చింది.

"సెప్పీసావేటి నానమ్మా! అమ్మ నిన్ను ఊరు పంపేత్తాది కదా!"

ఏడుపులో దగ్గు తెర ముంచుకొచ్చింది. ఎత్తుకోమని పిల్ల చేతులు చాచింది. పైడితల్లి వంగబోయింది. ఒంటి మీద చీర వాసన తనకే కొట్టి, చేతులు వెనక్కి తీసుకుంది.

"నాన్న దగ్గరికెల్లు తల్లీ" అంది.