నలభై ఒక్క షీట్ల ఓడ

సంజీవరావు ఓడకి జనవరి నాటికి నలభై ఒక్క షీట్లయ్యాయి. చెక్క మాత్రం ఒక్క ముక్క కూడా కోయలేదు.

దర్శికి పది కిలోమీటర్ల అవతల ఊరు. నాలుగెకరాల మిర్చి. సముద్రాన్ని అతను జీవితంలో మూడుసార్లు చూశాడు, మూడుసార్లూ మోకాలి లోతు దాటి పోలేదు. అలాంటివాడికి ఓడ పిచ్చి పట్టడానికి కారణం ఒక సోషల్ పుస్తకం. బావమరిది లక్ష్మీకాంత్ ఊరి హైస్కూల్లో సోషల్ మాస్టారు. కిందటి వానాకాలంలో ఒకరోజు అతని ఇంటికి వెళ్లి, అతను స్నానం చేసి వచ్చేలోగా ఊరికే ఆ పుస్తకం తిరగేస్తుంటే శాతవాహనుల నాణెం బొమ్మ కనపడింది. దాని మీద ఓడ. రెండు తెరచాప స్తంభాలు, వంకీ తిరిగిన అడుగు, కింద నీళ్లని చెప్పే రెండు గీతలు. అంతే. బొటనవేలి గోరంత బొమ్మ.

ఆ గోరంత బొమ్మ నుంచి సంజీవరావు నాలుగడుగుల ఓడ గీశాడు. స్తంభానికి ఒక షీటు, చుక్కానికి రెండు, అరవై పక్కటెముకలకి పదిహేను. తాళ్లు ఎక్కడ ముడిపడతాయో, సరుకు ఎక్కడ దించుతారో, వంటవాడు పొయ్యి ఎక్కడ పెట్టుకుంటాడో కూడా గీశాడు. నాణెం చెప్పనివన్నీ తనే చెప్పాడు. రెండు వేల ఏళ్ల కిందటి ఓడ ఇలా ఉండదని వాదించడానికి ఎవడూ బతికి లేడు. ఆ సంగతి తనకెంత హాయినిస్తున్నదో అతను ఎప్పుడూ ఆలోచించలేదు. సాయంత్రం చేను నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, పెన్సిలు చెక్కుకుని కూర్చుంటే చాలు, లోపలి గోలంతా సద్దుమణిగేది.

"ఏవండీ, మీ ఓడలో ఎంతమంది పడతారు?" అని భార్య మాధురి ఒకరోజు అడిగింది.

"మనుషులు ఎక్కేది కాదే. నమూనా."

"షీట్లకే బీరువా సగం పోయింది. నిజం ఓడ వస్తే మేం వసారాలోకి మారాలి గదా, అందుకని అడిగా."

సంక్రాంతి వెళ్లిన వారానికి లక్ష్మీకాంత్ వచ్చి ఆ షీట్లు చూశాడు. మంచం మీద పరిచి, కింద పరిచి, తలుపు వెనక కూడా పరిచి చూశాడు.

"బావా, నువ్వు మామూలోడివి కాదు! మార్చి ఆఖర్లో మా స్కూలు యాభై ఏళ్ల పండగ. కొత్త లైబ్రరీ గదిలో పెడదాం దీన్ని. అప్పటికి అవుద్దా?"

"అవకేం," అన్నాడు సంజీవరావు.

ఎకరాకి ఎన్ని క్వింటాళ్లు దిగుతాయని అడిగితే చెప్పినంత తాపీగా చెప్పాడు. ఆ తాపీతనమే తర్వాత అతన్ని భయపెట్టింది. ఊళ్లో అతనికొక పేరుంది. ఏ తెగులుకి ఏ మందని, ఏ వాన నిలుస్తుందని, ఎవరు దేన్నడిగినా సంజీవరావుకి తెలుసు. తెలియదన్న మాట ఆ నోట్లోంచి వచ్చి ఎన్నాళ్లయిందో అతనికే గుర్తులేదు.

ఫిబ్రవరి నెలాఖరులో ఆహ్వాన పత్రిక వచ్చింది. పసుపు రాసిన అంచులు, లోపల మూడో అంశం: 'స్థానిక దారుశిల్పి శ్రీ సంజీవరావు గారు స్వహస్తాలతో నిర్మించిన శాతవాహనుల నాటి ఓడ ఆవిష్కరణ.' అతను దాన్ని నాలుగుసార్లు చదివాడు. ఆ దారుశిల్పి ఎవడో ఇంకొక మనిషి అనిపించింది. నాలుగు వారాల్లో వాడు ఈ ఊరొస్తాడు, ఊరంతా వాణ్ని చూడ్డానికి పోతుంది, అక్కడ వాడి బదులు తను నిలబడి ఉంటాడు. ఆ రోజు నుంచి అన్నం సరిగ్గా లోపలికి పోవడం మానేసింది.

మర్నాడే గట్టు మీది వేపచెట్టు కొట్టించాడు. దర్శిలో కోతమిల్లుకి తీసుకుపోయి సన్నటి పలకలు కోయించాడు. పచ్చి చెక్క పనికిరాదనీ, ఆరాలనీ అతనికి తెలుసు. ఆరబెట్టడమంటే అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? కల్లంలో రెండో కోత మిర్చి ఎండుతోంది. ఒక చివర పలకలు వరసగా పరిచాడు. గంటగంటకీ మిరక్కాయల్ని తిరగేసినట్టే వాటినీ తిరగేశాడు. పొద్దువాలగానే మంచు పడకుండా కాయల మీద కప్పినట్టే వాటి మీదా పట్టా కప్పాడు. ఆరిన కాయని చెవి దగ్గర ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. అలవాటు కొద్దీ పలకని కూడా చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి విన్నాడు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం టప్పుమని చప్పుడైంది. కాసేపటికి ఇంకోటి. తాలుకాయలు ఏరుతున్న సుబ్బరావమ్మ తలెత్తింది.

"సంజీవయ్యా, నీ ఓడ అరుస్తంది!"

వెళ్లి చూస్తే పలకలు అప్పడాల్లా మెలి తిరిగి ఉన్నాయి. కొసల నుంచి మధ్యదాకా చీలికలు. కూలీలు పని ఆపి అతని మొహం చూస్తున్నారు. అతను కనుబొమలు ముడిచి, "ఛ, చెట్టే మంచిది కాదు," అన్నాడు గట్టిగా. అలా అంటూండగానే మనసు మెల్లిగా తేలికవడం తెలిసింది. చెక్క పగిలింది కాబట్టి ఇక ఓడ చేయనక్కర్లేదు. తప్పు తనది కాదు, చెట్టుది. కోపం రావాల్సిన చోట ఈ సుఖమేమిటని సిగ్గేసింది. అయినా ఆ సుఖాన్ని వదులుకోబుద్ధి కాలేదు. చెక్క చెడ్డదని పెద్దమనిషి ఒకడు చెబితే చాలు, ఊళ్లో తలెత్తుకోవచ్చు.

ఆ పెద్దమనిషి కోసం రెండు పలకలు బండికి కట్టుకుని మాబు సాహెబ్ దగ్గరికి పోయాడు. రోడ్డు పక్క రేకుల షెడ్డులో నలభై ఏళ్లుగా తలుపులూ మంచాలూ చేస్తున్నవాడు మాబు సాహెబ్. పలక అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, వరసగా మూడుసార్లు తుమ్మాడు.

"చెక్క తెచ్చావా, కారం తెచ్చావా?"

"కల్లంలో ఆరబెట్టా బాబాయ్."

"కల్లంలోనా? ఎండలో?" మాబు సాహెబ్ నవ్వు మొదలుపెట్టి దగ్గుతో ముగించాడు. "మిరక్కాయలు ఆరేసినట్టు ఆరేశావేందయ్యా! పైన ఎండిపోయింది, లోపల పచ్చిగానే ఉంది. పైది ముడుచుకుంటానంటది, లోపలది వద్దంటది. మధ్యలో అదేం చేస్తది, పగులుద్ది. కొసలకి పేడ పూసి, గాలాడే నీడలో నెలల తరబడి పెట్టాలిది."

"అంటే చెక్కలో ఏదో లోపం ఉండబట్టి..."

"చెక్క బంగారం. దాన్ననకు." పలకని పక్కన పెట్టాడు. "అది సరే, ఉలి ఎప్పుడన్నా పట్టావా?"

"లేదు."

"రంపం?"

"ఒకసారి మంచం కోడు కోశా. వంకరపోయింది."

"మరి నాలుగడుగుల ఓడ ఎట్టా చేద్దామనుకున్నావు?"

"చేద్దామనుకోలేదు బాబాయ్."

మాట బయటికొచ్చాక గానీ అది తనదని సంజీవరావుకి తెలియలేదు. చిత్రిక పట్టిన తుక్కు కాళ్ల చుట్టూ చుట్టలు చుట్టలుగా పడి ఉంది. అతను దాన్నే చూస్తూ, "గీద్దామనుకున్నా, అంతే. చేతకాదని చెప్పాల్సిన చోట అవుద్దని చెప్పా," అన్నాడు.

మాబు సాహెబ్ ఓదార్చలేదు, ఆశ్చర్యపోనూ లేదు. చెవి వెనక పెన్సిలు తీసి, పగిలిన పలకలో పగలని చోట జానెడు పొడవున గీత గీశాడు.

"రేప్పొద్దున రా. ఈ ముక్క కోసి చదును చెయ్. నీళ్లబొట్టు పెడితే ఎటూ జారకూడదు. అది వచ్చాక ఓడ సంగతి మాట్లాడుకుందాం."

రోజూ ఆరింటికి వెళ్లి ఎనిమిదిదాకా చిత్రిక పట్టాడు. మొదటి రోజు నీళ్లబొట్టు ఎడమకి జారింది. రెండో రోజు కుడికి. మూడో రోజు మధ్యలో గుంట పడి అక్కడే నిలిచింది. "తప్పు," అనేవాడు మాబు సాహెబ్ తల ఎత్తకుండానే. "మళ్లీ తప్పు. మోచెయ్యి ఎగరేస్తున్నావు, కోడిపుంజులాగా." ఇన్నేళ్లలో సంజీవరావుని అలా ఎవరూ అనలేదు. వినగా వినగా అతనికి ఆ మాట ఇష్టమైపోయింది. బొట్టు జారితే జారిందని కంటికి కనపడుతుంది. దానికి వాదన అక్కర్లేదు.

కానీ ఊరికి చెప్పడం వేరు. పండగ ముందురోజు దాకా నానుస్తూ వచ్చి, చివరికి లక్ష్మీకాంత్‌కి ఫోన్ చేశాడు.

"ఓడ లేదురా."

"లేదంటే? పూర్తి కాలేదా?"

"మొదలే కాలేదు."

అవతల షామియానా వాళ్లు మేకులు కొట్టే చప్పుడు మీద లక్ష్మీకాంత్ గొంతు పెంచాడు. "ముందే చెబితే బాగుండేది బావా. కార్డులు ఊరంతా పంచేశాం. సరేలే, చదివేటప్పుడు ఆ లైను వదిలేయమంటా. ఎవరూ గమనించరు."

ఎవరూ గమనించరు. ఆ మాట పట్టుకునే సంజీవరావు మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మాధురితో కలిసి వెళ్లి ఏడో వరసలో కూర్చున్నాడు. స్తంభం చాటు కుర్చీ ఎంచుకున్నాడు. ఊరంతా వచ్చింది. మైకు ముందు తెలుగు మాస్టారు శివరామకృష్ణ. పద్యం చదివినట్టు కార్డు చదువుతున్నారు. ఒకటో అంశం. రెండో అంశం. షామియానా వాళ్లతో బిల్లు దగ్గర గొడవపడుతున్న లక్ష్మీకాంత్ చెప్పాల్సిన సంగతి చెప్పడం మర్చిపోయాడు.

"ఇప్పుడు మన ఊరి ముద్దుబిడ్డ, దారుశిల్పి, శ్రీ సంజీవరావు గారు స్వహస్తాలతో నిర్మించిన ఓడ! వారు వేదిక మీదికి రావాలని..."

చప్పట్లు. తలలు తిరిగాయి. స్తంభం ఏమీ దాచలేదు. మాధురి చెయ్యి అతని మోకాలి మీద పడింది. పారిపోదామనుకున్న కాళ్లే అతన్ని లేపి నిలబెట్టాయి.

"ఓడ లేదండి," అన్నాడు. వెనక వరసలకి వినపడలేదేమోనని మళ్లీ గట్టిగా అన్నాడు. "ఓడ చేయలేదండీ. నాకు చెక్కపని రాదు."

 వెనక నుంచి ట్రాక్టరు ఆదాం గొంతు లేచింది.

"ఏరా సంజీవా, మునిగిందా ఓడ?"

"నీళ్లల్లోకి దిగితే గదరా మునగటానికి!" అన్నాడు సంజీవరావు.

నవ్వు వెనక వరసల్లో పుట్టి, ముందుకి పాకి, వేదిక ఎక్కింది. హెడ్‌మిస్ట్రెస్ రహిమున్నీసా గారు కొంగుతో నోరు కప్పుకున్నారు. తను కూడా నవ్వుతున్నానని సంజీవరావుకి ఆలస్యంగా తెలిసింది. నెల రోజులుగా అతను ఊహించుకున్న ఘట్టం ఇదే. ఊహలో ఇక్కడ నేల విడిపోయేది. నేల ఎక్కడిదక్కడే ఉంది. పక్క వరసలో ఒకామె పిల్లకి ముక్కు తుడుస్తోంది.

రహిమున్నీసా గారు మైకు తీసుకున్నారు. "మరి ఇప్పుడేం చేస్తున్నారండీ?"

"చెక్క చదును చేయడం నేర్చుకుంటున్నానండి."

"ఎంతవరకు వచ్చింది?"

"జానెడండి. అదీ ఇంకా గుంటగానే ఉంది."

"అయితే వచ్చే ఏడాదికి ఓడ చూపిస్తారా?"

అవకేం అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అక్కడ దాన్ని ఆపాడు. "తెలియదండి," అన్నాడు.

ఎంత చిన్న మాట. అది అన్నాక ఊపిరి కిందిదాకా పోయింది. కూర్చున్నాడు. మాధురి వంగి, "పదిమందిలో ఇంత బాగా పరువు తీసుకోవడం ఎక్కడ నేర్చుకున్నారండీ?" అంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి, పెదాలు నవ్వుతున్నాయి.

శివరామకృష్ణ మాస్టారు గొంతు సవరించుకుని నాలుగో అంశానికి పోయారు. బహుమతి ప్రదానం. ఖోఖో, రెండో బహుమతి, తొమ్మిదో తరగతి హారిక. ఒక పొడుగాటి పిల్ల జడ వెనక్కి విసురుకుంటూ మెట్లెక్కింది. మోచేతికి పాత దెబ్బ మచ్చ ఉంది. నెల రోజులుగా ఎవరు ఏం చెప్పినా సంజీవరావుకి అందులో ఓడ ఒక్కటే వినపడేది. ఇప్పుడు ఆ పిల్ల పేరు విన్నాడు. తర్వాతి పేరు విన్నాడు. వ్యాసరచన, పాటల పోటీ, నూటికి నూరు శాతం హాజరు. ఒక్కొక్కరు ఎక్కి దిగుతుంటే అరచేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టాడు.