పడుగు మీది బామ్మర్దులు

డెబ్బై ఎనిమిదిలో తొలకరి ముసురు పట్టిన రోజులు. పొయ్యి రాజేయబోతూ సరోజన పత్తికట్టె మోపులోంచి ఒక పుల్లను తీసి పక్కన పెట్టింది. దానికి ఎండిన నురుగుముద్దలాంటిది అంటుకొని ఉంది.

“గొల్లభామ గుడ్ల గూడిది. డోర్నకల్ దిక్కు మా ఊళ్లె మిరపచేన్ల మస్తుంటయి. కాలవెట్టద్దు,” అంది భర్తతో.

కైలాసం కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. పెళ్లాన్ని ఆటపట్టించందే అతనికి పూట గడవదు.

“మీ ఊరోళ్లా? అంటె నా బామ్మర్దులు! వచ్చేముందు కార్డు ముక్కన్న రాయకపాయిరి.”

సరోజన పుల్లను మగ్గం పైన గోడ సందులో గుచ్చింది. అప్పట్నుంచి కైలాసం పనికి కూర్చోగానే తల పైకెత్తి, “ఏం బామ్మర్దీ, ఇంక లేవలేదా?” అని పలకరించేవాడు.

ఒక పొద్దున మగ్గం గుంటలో దిగినవాడు అలాగే ఆగిపోయాడు. ముద్దలోంచి చీమలంత సన్నటి పిల్లలు తమ సన్నటి పోగులకు వేలాడుతూ దిగి, మగ్గం మీది పడుగు దారాల నిండా పరుచుకున్నాయి. ఒక్క పోటు నేసినా నలిగిపోతాయి.

“సరోజా, జర ఉరికిరా! మీ అన్నదమ్ములందరు మగ్గమెక్కిండ్లు!”

“నీ బామ్మర్దులే గద. జర జరుగుమను,” అంది సరోజన, వంటింట్లోంచి తీరిగ్గా.

చివరికి ఇద్దరూ పడుగు మీదికి వంగి, కోడి ఈకతో ఒక్కొక్కదాన్నే సీసాల్లోకి ఎత్తారు. మగ్గం చప్పుడు వినపడక పక్కింటి రాజలింగు తొంగిచూసి, పని ఎందుకు ఆగిందని అడిగాడు.

“చుట్టాలొచ్చిండ్లు,” అన్నాడు కైలాసం, మొహం గంభీరంగా పెట్టి.

సీసాల మూతులకు పల్చటి గుడ్డ కట్టారు. అరటితొక్క మీద ముసిరే చిన్న ఈగలను లోపలికి వదిలారు. మర్నాడు ఒక పిల్ల ఇంకోదాన్ని తినడం చూసి కైలాసానికి నవ్వు రాలేదు.

“ఏందే ఇది? సొంత తమ్మున్నే నములుతాండు!”

“ఒక్కకాడ గుంపుగ ఉంటె అంతే. కుబుసం ఇడిచినంక చెట్ల మీద దూరం దూరం ఇడువాలె.”

కైలాసం ఆ పూటే హోటలాయన్ను బతిమాలి ఖాళీ సీసాలు తెచ్చాడు. పిల్లలను విడదీసి, బక్కగా ఉన్నవాటికి ముందు ఈగలందించాడు. కుబుసాలు రాలాక మెల్లగా అడిగాడు: “ఒక్కదాన్ని ఉంచుకుందామే?”

“నిన్ను మీ అమ్మ సీసల వెట్టి పెంచిందా?”

ఆ సాయంత్రం వాన వెలిశాక సీసాలన్నీ పట్టుకొని వాడకట్టులోనే ఉండే మొగిలమ్మత్త పెరటికి వెళ్లారు. ఆమె బెండచెట్లకు పేనుబంక పురుగు పట్టింది, అక్కడైతే పిల్లలకు తిండికి కరువు లేదు. చెట్టుకొకటి చొప్పున వదిలారు. మిగిలినవాటిని దడి పొడవునా బీరతీగ మీదికి పంపారు.

ఇంతలో గంప కిందికి పోని కోడిపెట్ట ఒకటి అటే వచ్చింది. కైలాసం భుజం మీది తువ్వాల తీసి అడ్డం నిలబడ్డాడు.

“అత్తా! ముందు దీన్ని పట్టు!”

“కోడికే ఇంత పరేషానైతానవ్, కైలాసం. పిల్లలను కన్న తల్లి గూడ గింత చెయ్యది!” అంటూ మొగిలమ్మ నవ్వాపుకోలేక దడికి ఆనుకుంది.

కోడి చిక్కేసరికి కైలాసం మోకాళ్లదాకా బురదయ్యాడు. ఊపిరి పీల్చుకుంటూ వంగి చూస్తే, బెండాకు మీద ఒక పిల్ల ముందుకాళ్లు జోడించి అతని వైపు తల తిప్పింది.

“చూసినవానే? నాకు దండం వెడతాంది!”

“నీకు గాదు,” అంది సరోజన కొంగుతో నోరు మూసుకొని, “కోడిని పట్టిన అత్తకు.”

ఆ పిల్ల ఆకు కిందికి పాకేదాకా కైలాసం అక్కడే వంగి నిలబడ్డాడు.