హద్దురాయి కదిలిన ఏడు

ఆర్లీన్ పెల్కీ రోజూ ఉదయం ఆరున్నరకి రెండు గుడ్డు శాండ్‌విచ్‌లు కాగితంలో చుట్టి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, ఇంటి మెట్టు మీద నిలబడేది. వెండెల్ స్టార్‌బర్డ్ పాత ట్రక్కు వచ్చి ఆగేది. వెనకాల సర్వే యంత్రం, దాని మూడు కాళ్లు, కొడవళ్లు, మేకులు, ఎర్ర రంగు డబ్బా. ఇద్దరూ అడవిలోకి పోయేవారు. ఆమె పొదలు నరికి, దూరాలు కొలిచి, సాయంత్రం ఆఫీసులో పటం గీసేది. ఆయన పటం కింద సంతకం పెట్టి ముద్ర వేసేవాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పని.

ఈస్ట్ కార్వర్ ఊళ్లో ఏ ఇంటి పటం తీసినా గీత ఆర్లీన్‌ది, పేరు వెండెల్‌ది. ఇందులో మోసం లేదు, చట్టమే అంత. సంతకానికి లైసెన్సు కావాలి, లైసెన్సుకి నాలుగేళ్ల డిగ్రీ కావాలి. ఆర్లీన్‌కి ఉన్నది సర్వేలో రెండేళ్ల వృత్తి డిగ్రీ. చేతికి పని నేర్పే చదువు. దాన్ని పట్టుకుని మా న్యూ హాంప్‌షైర్ యూనివర్సిటీకి మూడుసార్లు రాసింది. మూడుసార్లూ ఒకటే జవాబు. మీ అరవై ఆరు క్రెడిట్లలో తొమ్మిది తీసుకుంటాం, మిగతాది మొదటి ఏడాది నుంచి చదవండి.

"బురదలో నిలబడి నేర్చుకున్నది చదువు కాదట" అంది ఆర్లీన్.

"బురద గురించి వాళ్లకేం తెలుసు? వాళ్ల వాకిలి కూడా సిమెంటే" అన్నాడు వెండెల్.

వెండెల్‌కి డెబ్బై తొమ్మిది దాటాయి. ఆ చలికాలం చెయ్యి వణకడం మొదలైంది. ఒకరోజు సంతకం గీత దాటి పక్కకి పోయింది. ఆయన దానికేసి చాలాసేపు చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అమ్మాయీ, ఇంకో మూడేళ్లు లాగుతానేమో. తర్వాత ఈ ముద్ర సొరుగులోకి పోతుంది. చుట్టుపక్కల అరవై మైళ్లలో ఇంకో ముద్ర లేదు."

ఆర్లీన్‌కి యాభై మూడేళ్లు. ఆమెని అమ్మాయీ అనే మనిషి ఆయనొక్కడే మిగిలాడు.

ఇక రాయి సంగతి చెప్పాలి. మా ఊరికీ పక్కనున్న లిండ్లీకీ మధ్య రాష్ట్రాల హద్దు ఉంది. మాది న్యూ హాంప్‌షైర్, తూర్పున వాళ్లది మేన్. హద్దు పొడుగునా నడుమెత్తు రాళ్లు పాతి ఉన్నాయి. వాటిలో ఒకటి నడుస్తుంది. నేలలో మంచు కరిగే రోజుల్లో బయల్దేరుతుంది. నడుస్తుంటే చూసినవాళ్లు లేరు. పొద్దున లేచేసరికి ఇంకోచోట ఉంటుంది, వెనకాల గడ్డిలో చిన్న చాలు ఉంటుంది. ఒకసారి మూడేళ్లు రోడ్డు నడుమ నిలబడితే దానికి లాంతరు కట్టారు. ఏడేళ్లకొకసారి రెండు ఊళ్ల పెద్దలూ కలిసి హద్దు నడిచి, రాయి ఆ రోజు ఎక్కడుంటే అక్కడే హద్దని రాసుకుంటారు. మళ్లీ ఏడేళ్ల దాకా అదే లెక్క. ఎవరి పాక అటు పోయినా ఎవరూ గొడవ పడరు. బండి నంబరు పలక మార్చుకుంటారు, అంతే. హద్దు ఇంట్లోంచి పోతే దానికీ పాత నియమం ఉంది. తల ఏ పక్క పెట్టుకుని పడుకుంటే ఆ రాష్ట్రపు మనిషి.

ఆ రాయి పొరుగు ఆర్లీన్‌కి ముప్పై ఏళ్ల నుంచీ అలవాటే. అటువైపు పనుంటే దాని పక్కనే కూర్చుని తినేది. అక్షరాల మీద నాచు పడితే బ్రష్షుతో రుద్దేది.

మార్చిలో లిండ్లీ ఊరి గుమాస్తా ఓపల్ ఒక కాగితం తెచ్చింది. మేన్ యూనివర్సిటీ వాళ్లు కొత్త దారి తెరిచారు. రెండేళ్ల వృత్తి డిగ్రీ ఉన్నవాళ్ల క్రెడిట్లన్నీ ఉన్నవి ఉన్నట్టు తీసుకుంటారు. మిగతా రెండేళ్లు ఇంటి నుంచే చదవొచ్చు, చేసిన పనీ లెక్కలోకి వస్తుంది. సీట్లు పదహారు. జూన్ ఒకటి నాటికి మేన్‌లో కాపురం ఉన్నవాళ్లకే.

ఆర్లీన్ కాగితం రెండుసార్లు చదివింది. కిటికీలోంచి తూర్పుకి చూసింది. హెమ్లాక్ చెట్టు కింద రాయి కనిపిస్తోంది. ఆమె మంచానికి, మేన్‌కి మధ్య అరవై అడుగులు.

"మా మేడ మీద గది ఖాళీయే కదే ఆర్లీన్" అంది ఓపల్. "నీ పేరు రాసేస్తాను. ఎవడొచ్చి చూస్తాడు?"

"నేను పడుకోని మంచం నా ఇల్లని ఎలా రాస్తావు?"

"చేత్తో రాస్తాను."

"వద్దు ఓపల్. జీవితమంతా ఉన్నది ఉన్నచోట గీశాను. సంతకం కోసం మొదటి అబద్ధం గీయమంటావా?"

ఆమె మొగుడు రాయిస్ పంచాయతీ తరఫున రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. రాత్రి భోజనం దగ్గర బీన్స్ వడ్డించుకుంటూ అన్నాడు.

"అరవై అడుగులేగా. ట్రాక్టరు తెస్తా. ఒక్క తోపు. రాయికేం నోరుందా చెప్పడానికి?"

"నాకుంది."

"ఆ సంగతి ఊరంతటికీ తెలుసులే" అని రాయిస్ తలొంచుకుని తిన్నాడు.

దరఖాస్తు నింపింది. చిరునామా దగ్గర నిజమే రాసింది. ఈస్ట్ కార్వర్, న్యూ హాంప్‌షైర్. పంపలేదు. పంపితే ఏం జవాబొస్తుందో తెలుసు. చింపనూ లేదు. పిండి డబ్బా కింద పెట్టింది.

ఏప్రిల్ రెండో వారంలో నేల మెత్తబడింది. ఫలహారాల కొట్లో ఎవరో డోనట్ కాఫీలో ముంచుతూ, "రాయి బయల్దేరింది" అన్నారు, చెట్లు చిగురేశాయి అన్నట్టు. "ఎటు?" అని ఇంకొకరు అడిగారు. "పడమటికే." అంతలో ఆర్లీన్ లోపలికి వచ్చింది. అందరూ చేపల గురించి మాట్లాడసాగారు.

ఆ రోజు నుంచి ఆమె తూర్పు కిటికీ తెర వేసేసింది. పెరట్లోకి పోవడం మానేసింది. పనికి చుట్టుదారిన పోయేది. తన నేలని తాను కొలవకూడదనేది సర్వే చేసేవాళ్ల మొదటి కట్టుబాటు. చూస్తే మనసులో కొలుస్తాను, కొలిస్తే కోరుకుంటాను అనేది. రాయిస్ మాత్రం రోజూ పొద్దున వెనక గుమ్మంలో నిలబడి కాఫీ తాగి, నోరు తెరవబోయి, భార్య మొహం చూసి మూసుకునేవాడు. ఆరు వారాలు అలా ఉండడం ఆయన వల్ల ఎలా అయిందో ఇప్పటికీ తెలీదు.

ఆ ఏడు హద్దు నడిచే ఏడు. మే ఇరవై ఆరున రెండు ఊళ్ల పెద్దలూ నల్ల ఈగల్ని కొట్టుకుంటూ బయల్దేరారు. లిండ్లీ తరఫున క్లేటన్ ఫాగ్ వచ్చాడు. బంగాళాదుంపలు పండించే మనిషి, పుట్టాక నవ్వలేదని పేరు. కొలతల టేపు ఎప్పుడూ పట్టేది ఆర్లీనే. ఆ పొద్దున ఆమె దాన్ని తీసుకెళ్లి ఫాగ్ చేతిలో పెట్టింది.

"ఇవాళ మీరు పట్టండి. నాకు ఇందులో ఆశ ఉంది."

"ఉందని విన్నాను" అన్నాడు ఫాగ్. "అందుకే వచ్చాను. మా పిల్లలకి రావాల్సిన సీటు మాయమాటలతో అవతలి వాళ్లు తన్నుకుపోకుండా చూడ్డానికి."

"సరిగ్గా చూడండి" అంది ఆర్లీన్.

హెమ్లాక్ కింద రాయి లేదు. చాలు వెంట పోయారు. అది కంచె కిందుగా పోయి, బట్టలారేసే తీగ దాటి, ఇంటికి దక్షిణాన, పుల్లటి కాడల కోసం వేసిన రూబార్బ్ పాదులో ఆగింది. రాయి అక్కడే నిలబడి ఉంది. ఒక్క కాడ కూడా విరగలేదు. ఫాగ్ మోకాళ్ల మీద కూర్చుని నేలంతా చూశాడు. ట్రాక్టరు గాడి లేదు, గునపం దెబ్బ లేదు, మనిషి అడుగు లేదు.

"దాని అంతట అదే వచ్చింది" అని ఒప్పుకున్నాడు.

వెండెల్ యంత్రం నిలబెట్టి ఉత్తరాన ఉన్న రాయికి గురి చూశాడు. ఎర్ర తాడు లాగారు. తాడు దక్షిణపు కిటికీలోంచి పడకగదిలోకి పోయింది. మంచం మీదుగా తలగడల దాకా నిలువునా పోయి, ఉత్తరపు కిటికీలోంచి బయటికొచ్చింది. అందరూ బూట్లు విప్పి లోపలికి వెళ్లారు. తాడు సరిగ్గా మంచం మధ్యన ఉంది.

ఆర్లీన్ గుమ్మం బయటే నిలబడింది. లోపలికి రానంది.

ఫాగ్ మళ్లీ కొలిచాడు. మూడోసారీ కొలిచాడు. "సగం మంచం మేన్‌లో ఉంది" అన్నాడు. "అయితే ఎవరు ఏ పక్క? ఇవాళ పొద్దునే పక్కలు మార్చుకోలేదని ఏంటి నమ్మకం?"

"నేను గురక పెడతానయ్యా" అన్నాడు రాయిస్. "అందుకని ఆవిడ ఎప్పుడూ తూర్పు పక్కే. ఎండ మొహాన పడితే గడియారం లేకుండా లేస్తుంది. ముప్పై ఏళ్ల నుంచి అంతే."

"మొగుడి సాక్ష్యం చెల్లదు."

అప్పుడు వెండెల్ కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చి, వణికే చేత్తో దుప్పటి తొలగించాడు. "క్లేటన్, కాగితంలో ఒకటి, నేల మీద ఇంకొకటి ఉంటే దేన్ని నమ్మాలి?"

"నేల మీది గుర్తునే. చిన్నపిల్లాడికీ తెలుసు."

"అయితే చూడు."

పరుపులో రెండు గుంతలున్నాయి. పడమటిది రాయిస్ అంత వెడల్పు, దుక్కిటెద్దు పడుకున్నట్టు. తూర్పుది సన్నంగా, కాస్త ముడుచుకుని, పని నుంచి వచ్చి అలసి పడుకునే మనిషి ఆకారంలో ఉంది. రెండింటి మధ్య గట్టు మీద ఎర్ర తాడు.

ఫాగ్ వంగి చూశాడు. తూర్పు గుంతలో అరచెయ్యి పెట్టి లోతు చూశాడు. గుమ్మంలోని ఆర్లీన్ ఎత్తూ ఒడ్డూ ఒకసారి చూశాడు.

"పాత గుర్తే. ఇది ఒక్క పూటలో పడేది కాదు." పుస్తకం తీశాడు. "తల ఎక్కడో అదే రాష్ట్రం. ఈమె మా ఊరికొచ్చింది. రాసేస్తున్నా."

"ఇంకోసారి కొలవండి" అంది ఆర్లీన్.

"మూడుసార్లు కొలిచానమ్మా! నీకు సీటు కావాలా వద్దా?"

"కావాలి."

"అయితే ఊరుకో."

రాయిస్ మంచం పడమటి అంచున కూర్చుని నిట్టూర్చాడు. "ఇకమీదట నా పెళ్లాం మీద చెయ్యి వెయ్యాలంటే రాష్ట్రం దాటాలన్నమాట." ఫాగ్ నోటి కొసలు కదిలాయి. చూసినవాళ్లు అది నవ్వేనంటారు.

ఆర్లీన్ వంటగదిలోకి పోయి పిండి డబ్బా ఎత్తింది. చిరునామా కొట్టేసి, పైన కొత్తది రాసి, మర్నాడే పంపింది. అరవై ఆరు క్రెడిట్లూ తీసుకున్నారు. సీటు పదిహేనోది.

రెండేళ్లు న్యూ హాంప్‌షైర్ పక్క మిగిలిన వంటింటి బల్ల మీద చదివింది. పరీక్షలు మాత్రం మేన్‌లోనే రాయాలన్నది నియమం కాబట్టి, మంచం తూర్పు పక్కన కూర్చుని, రొట్టెలు కోసే చెక్క ఒళ్లో పెట్టుకుని రాసింది. గణితం ఏడిపించింది. ఒక పేపరు పోయింది, మళ్లీ రాసింది. ఆ సాయంత్రాలు రూబార్బ్ పాదు దగ్గర రాయికి ఆనుకుని సూత్రాలు పైకి చదువుతుంటే రాయిస్ కిటికీలోంచి, "దానికొచ్చేసింది, నీకింకా రాలేదా?" అనేవాడు. డిగ్రీ వచ్చింది. ఆ మర్నాడు లైసెన్సుకి పెట్టింది. ముప్పై ఏళ్ల అడవి పని లెక్కకొచ్చింది. మూడో ఏడు మార్చిలో ముద్ర కూడా వచ్చింది, ఆమె పేరుతో. వెండెల్ తన ముద్రని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టి, ఆ పూట మొదటిసారి ఆమెని, "సర్వేయర్ గారూ" అన్నాడు.

ఆ ఏప్రిల్‌లో రాయి మళ్లీ బయల్దేరి హెమ్లాక్ కిందికి పోయింది. పుస్తకంలో రాసింది ఇంకా నాలుగేళ్లు చెల్లుతుంది.

మొదటి పటం క్లేటన్ ఫాగ్ బంగాళాదుంపల పొలానిది. కబురు పంపింది ఆయనే. ముందు రోజే గీసిన పటంతో పొలంలో ఆఖరి గుర్తులు సరిచూసేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఫాగ్ పటం అటూ ఇటూ తిప్పి, తప్పు వెతికి, దొరక్క అడిగాడు.

"సంతకం ఎవరిది?"

"నాదే."

"అయితే పెట్టు. నాకు పనుంది."

బల్ల లేదు. చుట్టూ చూసి, పొలం పడమటి గట్టున ఉన్న హెమ్లాక్ కిందికి నడిచి, రాయి నెత్తిన పటం పరిచింది. గాలి వీస్తోంది. ఒక పక్క అరచేత్తో అదిమి రాయడం మొదలుపెట్టింది. ఆమె మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా రాయి కదలకుండా నిలబడింది.