ఉబ్బిన ఫోను

అరటికాయ ముక్కలు నూనెలో వేస్తుండగా ఫోను మోగింది. చేతులు తుడుచుకునేలోపే ఆగిపోయి మళ్లీ మోగింది. ఎత్తగానే నా భర్త ఎవేలియో, "కెమెరా తిప్పు, వంటగది మొత్తం చూపించు," అన్నాడు. చూపించాను. పొయ్యి, సింకు, గుమ్మం దగ్గర బియ్యం ఏరుతున్న అత్తయ్య. బర్రంకియా రేవులో అతను గేటు కాస్తాడు. అక్కడ లారీల్ని చూసే కళ్లతోనే రోజంతా నన్నూ చూస్తుంటాడు.

అందుకని ఫోను ఎప్పుడూ చార్జింగులోనే ఉండాలి. పొయ్యి పక్కనో, మంచం మీదో, నేనెక్కడుంటే అక్కడ. అతను వాడి వదిలేసి నాకిచ్చిన ఫోను అది. కొన్నాళ్లుగా దాని వెనక భాగం ఉబ్బి, అద్దం ఒక పక్క పైకి లేచింది. వీధి చివర ఫోన్లు బాగుచేసే ఇబెత్‌కి చూపిస్తే, ఆమె దాన్ని నొక్కకుండా మెల్లగా బల్ల మీద పెట్టింది. బ్యాటరీ పాడైందనీ, చార్జింగు పెట్టడం ప్రమాదమనీ, ఆపేసి అక్కడే వదిలి వెళ్లమనీ చెప్పింది. వదల్లేకపోయాను. అప్పటికే అది మోగుతోంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక చెబితే ఎవేలియో నవ్వాడు. రిపేరు వంకతో దొరక్కుండా తిరగడం ఆ ఇబెత్ నేర్పిందా అన్నాడు. ఉబ్బిన చోట బొటనవేలితో గట్టిగా నొక్కి, రబ్బరు బ్యాండు చుట్టి నా చేతిలో పెట్టాడు. మొగుడు అడిగితే ఎత్తి మాట్లాడ్డానికి నీకేం రోగం అని అత్తయ్య కూడా ఎప్పటిలా అంది. నిజం చెప్పాలంటే, అది అంటుకుంటుందన్న భయం కన్నా, మోగినప్పుడు ఎత్తలేకపోతానేమో అన్న భయమే నాలో పెద్దదిగా ఉండేది. భయానికి కూడా మనిషి అలవాటు పడిపోతాడు.

మర్నాడు మధ్యాహ్నం పెరట్లో బట్టలు తీస్తుంటే ఘాటు వాసన వచ్చింది. లోపలికి పరిగెత్తాను. మంచం మీద చార్జింగులో పెట్టిన ఫోను బుసకొడుతోంది. పరుపు మూల కాలుతోంది. పక్కనే నా కూతురు సాలోమే నిద్రలో దగ్గుతోంది. పిల్లని లాక్కుని బయటికొచ్చి అత్తయ్య ఒళ్లో పడేసి, కరెంటు మెయిను కట్టేశాను. పక్కింటివాళ్లు బకెట్లతో వచ్చారు. మంట ఆరింది. సాలోమే మోచేయి బొబ్బలెక్కింది.

అంతలో అత్తయ్య ఫోను మోగింది. ఆమె దాన్ని నాకు అందించింది.

"ఎందుకెత్తట్లేదు?" అన్నాడు ఎవేలియో.

"ఫోను అంటుకుంది. సాలోమే పక్కనే ఉంది. చెయ్యి కాలింది," అన్నాను.

అవతల లారీల చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడులోనే అడిగాడు. "అయితే ఇంతసేపూ నువ్వెక్కడున్నావు?"

ఆ మాట పక్కనే ఉన్న అత్తయ్యకీ వినబడింది. అత్తయ్య నా చేతిలోంచి ఫోను తీసుకుని కట్ చేసింది. కొడుకు మాట మధ్యలో ఆమె ఫోను పెట్టేయడం నేనెన్నడూ చూడలేదు. లోపలికెళ్లి పిల్ల గౌన్లు ఒక సంచిలో కుక్కి తెచ్చి నా భుజానికి తగిలించింది.

"ముందు దాన్ని ఆసుపత్రిలో చూపించు," అంది. "తర్వాత, వాడొచ్చి అడిగితే ఏం చెప్పను?"

"తెలీదని చెప్పండి అత్తయ్యా. నిజమే చెప్పినట్టుంటుంది," అన్నాను. ఆసుపత్రి నుంచి ఎటు వెళ్తానో ఆమెకి కూడా చెప్పకుండా బస్సెక్కాను.