బెల్లంకొట్ల వీధి మూత

నేను ఒక మూతను. రోడ్డు మధ్యలో, మురుగు గొయ్యి మీద బోర్లా పడి ఉండే డ్రైనేజీ మూతను. నన్ను చూడకుండా నా మీదుగా నడిచిపోయినవాళ్లలో మీరూ ఉండే ఉంటారు. అందులో మీ తప్పేమీ లేదు. నేను నా చోట ఉన్నంతకాలం నన్ను చూడవలసిన పని ఎవరికీ పడదు.

పాత ఇనుములోంచి పుట్టాను. విరిగిన నీళ్ల పంపులు, కుట్టుమిషను కాళ్లు, ఎవరింట్లోనో ఊడదీసి అమ్ముకున్న కిటికీ చువ్వలు, అన్నీ కలిపి కరిగించి ఇసుక అచ్చులో పోశారు. చల్లారాక మేస్త్రీ సుత్తితో ఒక దెబ్బ వేసి, చెవి పెట్టి విని, "బాగానే మోగుతోంది, పంపెయ్యండి" అన్నాడు. నా జన్మలో నాకు దక్కిన మెప్పు అదొక్కటే.

కొంతకాలం మున్సిపాలిటీ గోడౌనులో తుప్పు పట్టాను. తరవాత ఒక కాంట్రాక్టరు చేతిలో పడ్డాను. అతను నన్ను తీసుకొచ్చి, రాజమండ్రిలో గోదావరి గట్టుకు కాస్త ఇవతల బెల్లం, చింతపండు, పసుపు టోకున అమ్మే కొట్ల వీధిలో దింపాడు. ఆ రోజు నుంచి నేనెవరి సొత్తో నాకే తేలలేదు. మున్సిపాలిటీ వాళ్లనడిగితే, "ప్రజల ఆస్తి" అంటారు. ప్రజలనడిగితే, "మున్సిపాలిటీది, మనకెందుకు" అంటారు. ఇద్దరు యజమానులున్న సరుకును ఎవరూ చూసుకోరన్న సంగతి వ్యాపారంలో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

బజారు మధ్యలో పడి ఉన్నందుకు నాకూ బజారు బుద్ధే అబ్బింది. మంచీ చెడూ అని విడదీసి చెప్పడం నాకు రాదు. ఏది ఎవరికి ముట్టింది, ఏది ఎవరి మీద పడింది, అంతవరకు చెప్పగలను.

ఆ వీధి పొద్దున లేచే తీరు చూడాలి. ప్రతి కొట్టులోనూ ముందు చీపురు కదులుతుంది. లోపల ఊడుస్తారు, గుమ్మం కడుగుతారు, ముగ్గు వేస్తారు, గల్లాపెట్టెకు అగరొత్తులు వెలిగిస్తారు. ఊడ్చిన చెత్తంతా, అంటే బెల్లం అంటుకున్న తాటాకు చాప ముక్కలు, పురికొసలు, చింతపండు పీచు, టీ కప్పులు, మెట్టు దాకా వస్తుంది. అక్కడి నుంచి చీపురు కొసతో ఒక్క తోపు. కొంత పక్క కాలువలోకి, కొంత నా అంచునున్న బెజ్జంలోకి. తన గుమ్మం దాటితే చాలు, ఆ సరుకు చెల్లిపోయినట్టే. అది ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. నా కిందికే పోయేది.

వాళ్లు చెడ్డవాళ్లని చెప్పబోవడం లేదు. బెల్లం కొట్టు నగరేశ్వరరావు గారినే తీసుకోండి. ఆయన తూకంలో తేడా వచ్చిందని ఒక్కరూ అనగా వినలేదు. నోటి మాట మీద లారీ సరుకు దించేవాళ్లు. ఎండాకాలం వస్తే కొట్టు ముందు మజ్జిగ పోసేవాడు. అందుకే వర్తక సంఘానికి ఆయన్నే అధ్యక్షుణ్ని చేశారు. అంతటి మనిషీ పొద్దున్నే స్వయంగా చీపురు పట్టి, తన మెట్టు కింది కాలువలోకి చాప ముక్కలు తోసేవాడు. ఆయన నిజాయితీ అంతా గుమ్మానికి లోపలే.

చెత్త పేరుకుంటే కాలువ పూడుతుంది, కాలువ పూడితే వానకు వీధి నిండుతుంది. ఆ వీధిలో అన్నిటికన్నా ముందు పాడయ్యేది బెల్లం. చింతపండు తడిస్తే ఆరబెట్టుకోవచ్చు. బెల్లం తడిస్తే మిగిలేది పానకం.

అందుకని వాళ్లే ఒక పద్ధతి పెట్టుకున్నారు. నీళ్లు ముందు ఎవరి మెట్టు ఎక్కితే వాళ్లు కేకేస్తారు. నలుగురూ గునపం పట్టుకొచ్చి నన్ను ఎత్తి పక్కన పడేస్తారు. గొయ్యిలోకి నీళ్లు సుడి తిరుగుతూ దిగిపోతాయి. ఎవరూ పడకుండా ఆనవాలుగా ఆ గొయ్యి మీద ఒక విరిగిన కుర్చీ నిలబెడతారు. అంతా అయ్యాక నన్ను మళ్లీ నా చోట పెట్టడం మాత్రం ఎవరి వంతూ కాదు. ఎండ వచ్చి, ఎవరి బండి చక్రమో గొయ్యిలో దిగబడి, బూతులు వినబడ్డాక ఎవరో ఒకరు వచ్చి మూసేవారు.

ఆ ఏడు శ్రావణంలో ఒక మధ్యాహ్నం గోదావరి మీద నుంచి మబ్బు దిగి కుండపోతగా కురిసింది. ముందు కేకేసింది నగరేశ్వరరావు గారే. గునపం వచ్చింది, నన్ను ఎత్తారు, కుర్చీ నిలబెట్టారు. కానీ ఆ రోజు నీళ్లు దిగే వేగం కంటే వచ్చే వేగం ఎక్కువైంది. కొట్లో కింది వరుస బెల్లం దిమ్మలు చెమర్చడం మొదలుపెట్టాయి. కలాసీలు దిమ్మలు ఎత్తి బల్లల మీద పెట్టారు, గల్లా మీద పెట్టారు, చివరికి చోటు చాలలేదు.

"ఆ కుర్చీ ఇటు లాగవయ్యా" అన్నాడు నగరేశ్వరరావు గారు.

"గొయ్యి మీదదండి అది" అన్నాడు ఎదుటి టీ కొట్టు బుల్లబ్బాయి.

"అందరికీ తెలిసిన గొయ్యే కదా. ఎవడూ పడడులే."

బుల్లబ్బాయి కదల్లేదు. నగరేశ్వరరావు గారే పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగి, కుర్చీ తీసుకెళ్లి, దాని మీద రెండు దిమ్మలు పెట్టుకున్నాడు. వీధి అంతా చూసింది. అడ్డం చెప్పినవాళ్లు లేరు. ఎవరి సరుకు వాళ్లు చూసుకుంటున్నారు.

కొంతసేపటికి నూకరాజు వచ్చాడు. నగరేశ్వరరావు గారి కొట్లో బస్తాలు మోసే కలాసీ. దూరంగా సందు చివర ఆగిన బండి నుంచి సరుకు మోసుకొస్తున్నాడు. వీపు మీద బస్తా, తల కిందికి వంగి ఉంది. ఆ గొయ్యి ఎక్కడుందో అతనికి బాగా తెలుసు. కానీ గొయ్యి తెరిస్తే కుర్చీ ఉంటుందని కూడా తెలుసు. కుర్చీ కనబడలేదు కాబట్టి మూత ఉందనుకున్నాడు. ఆ వీధి పద్ధతిని నమ్మి అడుగు వేశాడు.

శబ్దం పెద్దగా రాలేదు. బస్తా గొయ్యికి అడ్డంగా పడటం వల్ల మనిషి కొట్టుకుపోలేదు. బయటికి లాగేసరికి తుంటి దగ్గర ఎముక విరిగి కాలు వేరే వైపుకు తిరిగి ఉంది. నేను గోడవార పడి ఉండి అంతా చూశాను. ఇనుముకు ఏమీ అనిపించదు. చుట్టూ ఉన్నవాళ్ల ముఖాల్లోనూ ఆ కాసేపు ఏమీ కనబడలేదు.

అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాక వాన తగ్గింది. టీ కొట్టు పంచలో నలుగురూ చేరారు.

"రేపు మున్సిపాలిటీ వాళ్లొస్తే, మూత ఎవరు తీశారంటారండి" అన్నాడు బుల్లబ్బాయి.

"అందరం కలిసే తీశాంగా" అన్నాడొకడు.

"అందరం అంటే సంఘం మీదికొస్తదండి. నూకరాజు సంసారం జీవితాంతం మనమే మొయ్యాలి. మూత ఉంటేనే కదా ఎవరు తీశారని అడిగేది? అసలు మూతే లేదనుకోండి. దొంగలెత్తుకుపోయారండి, పిటిషను పెడదామనుకుంటుంటే ఈలోపు ఇలా అయ్యిందండి అంటే?" అన్నాడు బుల్లబ్బాయి.

అందరూ నగరేశ్వరరావు గారి వైపు చూశారు. ఆయన గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. బేరంలో కాదనకపోతే కుదిరినట్టే. ఆ సాయంత్రమే నన్ను ఆయన గోడౌనుకు దొర్లించి, తాటాకు చాపల కట్ట వెనక గోడకు ఆనించి నిలబెట్టారు.

మర్నాడు వచ్చిన మున్సిపాలిటీ ఉద్యోగికి వీధి అంతా ఒకటే మాట చెప్పింది. అన్నాళ్లూ దేనికీ కలిసి రాని వీధి ఆ ఒక్కదానికి ఏకమైంది. కొత్త మూత మంజూరయ్యేదాకా గొయ్యి చుట్టూ నాలుగు రాళ్లు పెట్టారు. నూకరాజు కాలు ఇక ఎవరి బాధ్యతా కాకుండా పోయింది.

అతని భార్య అర్జమ్మ ఆస్పత్రి నుంచి నేరుగా వీధిలోకి వచ్చి ప్రతి కొట్టు ముందూ నిలబడింది. "కుర్చీ ఎవరు తీశారండీ?" అని ఒకటే అడిగింది. ఏడవలేదు, తిట్టలేదు. "చూడలేదమ్మా, వాన కదా" అన్నారందరూ. నగరేశ్వరరావు గారు మాత్రం ఆ మాట అనలేకపోయాడు. "నా గోడౌన్లో ఊడ్చే పనుంది, చేస్తావా?" అన్నాడు. దానికి వీధి ఆయన్ను మెచ్చుకుంది. ఆ మెప్పు ఆయనకు రుచించినట్టు లేదు. ఆ రోజు నుంచి చీపురు పట్టడం మానేసి పనివాడికి అప్పగించాడు.

అర్జమ్మ ఊడుస్తూ ఊడుస్తూ ఒకనాడు చాపల కట్ట పక్కకు జరిపింది. నా ముందు వంగింది. చేత్తో తడిమి అంచున బెజ్జం చూసుకుంది. అప్పుడే నగరేశ్వరరావు గారు లోపలికి వచ్చాడు.

"దొంగలు మహా మంచోళ్లండయ్యగారూ" అంది, వెనక్కి తిరగకుండానే. "ఎత్తుకుపోయిన సరుకు తమరి గోడౌన్లోనే దాచారు."

ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "అర్జమ్మా, అదీ..."

"ఏవీ చెప్పకండి. చెప్తే నేను వినాలి, విన్నాక పన్లోకి రాలేను. మాకు పని కావాలండి."

ఆమె గునపం తెచ్చింది. ఆయన ఆపలేదు, సాయమూ పట్టలేదు. ఆమె నన్ను అంచు మీద నిలబెట్టి, రెండు చేతులతో దొర్లిస్తూ, మిట్టమధ్యాహ్నం వీధిలోకి తీసుకొచ్చింది. ఇనుము సిమెంటు రోడ్డు మీద దొర్లితే ఎంత మోత వస్తుందో మీకు తెలుసు. ఆ మోతకు ఒక్క తలా పైకి లేవలేదు. ఒకడు త్రాసు తుడుచుకుంటున్నాడు. ఇంకొకడు ఫోను చూసుకుంటున్నాడు. బుల్లబ్బాయి మరిగిన టీనే మళ్లీ మరగబెట్టాడు. ఆమె రాళ్లు కాలితో తన్ని, నన్ను గొయ్యి మీద పడేసి, చేతులు దులుపుకుని మళ్లీ గోడౌనుకు వెళ్లి మిగిలింది ఊడ్చింది.

మూత ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్కరూ అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయం.

నూకరాజు ఇంటికొచ్చాడు. కర్ర మీద కూడా నిలవలేడు. తోటి కలాసీలు పొద్దున్నే రిక్షాలో తెచ్చి బుల్లబ్బాయి టీ కొట్టు పక్కన ఒక స్టూలు మీద కూర్చోబెట్టేవారు. ఇంట్లో ఒక్కడే ఉండలేక వస్తున్నాడన్నారు. అతను ఎవరినీ ఏమీ అనేవాడు కాదు. వచ్చే బస్తాలను, పోయే బస్తాలను చూస్తూ ఉండేవాడు.

మళ్లీ మబ్బు పట్టిన రోజు, చినుకు పడకముందే, "నన్ను ఆ మూత మీద కూచోబెట్టండ్రా" అన్నాడు కలాసీలతో. కూర్చోబెట్టారు, స్టూలుతో సహా. వాన వచ్చింది. తడుస్తూ కూర్చున్నాడు. నీళ్లు నన్ను ముంచి, స్టూలు కాళ్లు ఎక్కి, నగరేశ్వరరావు గారి మెట్టు ఎక్కాయి.

ఆయన గునపం పట్టుకుని బయటికొచ్చాడు. వెనక ముగ్గురు నలుగురు ఉన్నారు.

"లే, నూకరాజూ. సరుకు కరిగిపోతోంది."

"ఆయ్. లేవలేనండి. ఎవరన్నా పట్టుకు లేపాలండి."

"లేపండ్రా అతన్ని" అన్నాడు బుల్లబ్బాయి, తన కొట్లోంచి.

"నువ్వు రా, బుల్లబ్బాయీ. చంకల కింద చెయ్యేసి లేపు" అన్నాడు నూకరాజు. కోపంగా కాదు, బస్తా ఎలా ఎత్తాలో చెప్పినట్టు చెప్పాడు. "నడుం కింద పట్టుకోమాక, నొప్పి."

ఎవరూ దిగలేదు. ఆ కాలును చేత్తో ముట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు. కొట్లోంచి పానకం రంగు నీళ్లు మెట్టు దిగి వస్తున్నాయి. నగరేశ్వరరావు గారు వాటిని చూశాడు, నూకరాజును చూశాడు. గునపం గోడకు ఆనించాడు. పంచె ఎగ్గట్టి నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని, తన మెట్టు కింది కాలువలోకి భుజం దాకా చెయ్యి పెట్టాడు. మొదట పురికొసల ఉండ వచ్చింది. తరవాత తాటాకు చాప, నల్లగా నానిపోయింది, దాని మీద ఆయన కొట్టు ముద్ర ఇంకా కనబడుతోంది. తెచ్చి నా మీద, నూకరాజు కాళ్ల దగ్గర పెట్టాడు.

మళ్లీ వెళ్లి వంగాడు. ముఖం కాలువ వైపే ఉంది.

"కుర్చీ నేనే తీశాను, నూకరాజూ. సంఘంలోనూ చెప్తాను, మున్సిపాలిటీలోనూ చెప్తాను. నీ ఇల్లు గడిపే పూచీ నాది."

"తెలుసండి, కుర్చీ తమరే తీశారని. లోపల ఇంకా ఉందండి. తియ్యండి" అన్నాడు నూకరాజు.

ఆయన తీస్తూనే ఉన్నాడు. కింది వరుస బెల్లమంతా ఆ రోజు పోయింది. నీళ్లు నా మీద నుంచి దిగడానికి చాలాసేపు పట్టింది. నూకరాజు బరువు, ఆ చెత్త బరువు కలిసి నా మీదే ఉన్నాయి. ఏది ఎంతో విడదీసి చెప్పలేను. చుట్టుపక్కల కొట్లవాళ్లు గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. ఎప్పటికో బుల్లబ్బాయి స్టవ్ ఆర్పి, లుంగీ పైకి కట్టుకుని, తన మెట్టు దిగాడు.