నల్లబిళ్ల కింద కన్ను

సంగమ్మ కుడిచెయ్యి రోలర్ల మధ్యకు పోయినప్పుడు మడత మిషను కూయలేదు. కూయాలి. కూసి ఆగాలి. అందుకే దానికో కన్ను పెట్టారు. మిషను కూయలేదు, సంగమ్మే అరిచింది. పక్క మిషను మీది సీతాబాయి పరుగెత్తి స్విచ్ దించేసరికి బడిపిల్లల నోటుబుక్కుల కాగితమంతా నెత్తురైంది.

జహీరాబాద్ హైవే పక్కన రేకుల షెడ్డులో నడిచే నోటుబుక్కుల కంపెనీ అది. ఆ కన్ను సంగతి ముందు తెలియాలి మీకు. కాగితం అడ్డంపడి కుప్పయినా, చెయ్యి లోపలికి పోయినా, కన్నులోంచి వచ్చే ఎర్ర వెలుగు దానికి తగిలి తిరిగొస్తుంది. వెంటనే సైరన్ మోగుతుంది, మిషను ఆగుతుంది. బడులు తెరిచే ముందు మిషను ఆగితే లారీ ఆగుతుంది, లారీ ఆగితే సేటుకు నిద్ర పట్టదు. సూపర్‌వైజర్ ప్రణయ్ డిప్లొమా చదివినవాడు, ఉపాయం అతనే చెప్పాడు.

"జర బొట్టుబిళ్ల అతికియ్యున్రి దాని మీద. నల్లది. ఎర్రదైతే వెలుగును తిప్పి కొడ్తది, నల్లదైతే మింగుతది."

మిషను ఆగినప్పుడల్లా కూలి కోసేవాళ్లు. ఆడవాళ్లు ఏం చేస్తారు? డ్యూటీ ఎక్కగానే నుదుటి బిళ్ల తీసి కన్నుకు పెట్టడం, దిగేటప్పుడు ఒలిచి మళ్లీ నుదుటికి పెట్టుకోవడం. రోజూ చేయగా అదొక ఆచారమైంది. కాగితం అడ్డంపడితే నడిచే మిషన్లోనే చెయ్యి పెట్టి లాగేవాళ్లు. మన వేలితో మన కన్నే పొడిపించడం దొరలకు కొత్తేం కాదు.

మర్నాడు లేబర్ కాంట్రాక్టర్ గురులింగప్ప అందరినీ గేటు ముందు నిలబెట్టాడు.

"సంగమ్మ తనే మిషను కన్ను మూసింది. బిళ్ల దొరికింది. తప్పామెది. కంపెనీ దవాఖాన ఖర్చియ్యదు, ఇంకేం ఇయ్యదు."

సంగమ్మ భర్త ఇస్సాకు కోహీర్ దిక్కు అల్లం చేలల్లో కూలి చేస్తాడు. రాత్రంతా దవాఖాన మెట్ల మీద కూర్చుని వచ్చాడు.

"అన్నా, మేం చర్చికి పోయేటోళ్లం. నా పెండ్లాం ఎన్నడూ బొట్టు పెట్టలే. గా బిళ్ల ఆమెదెట్లయితది?"

గురులింగప్ప నవ్వాడు. "మంచిగ అడిగినవ్. ఎవలిదో వాళ్లే చెప్పాలె మరి. వాళ్ల మీద కేసు పెడ్త."

సీతాబాయి చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోయింది. బొట్టులేని సంగమ్మకు రోజూ ఒక బిళ్ల తెచ్చి ఆమె మిషనుకు పెట్టింది తనే. స్నేహంతో పెట్టింది.

మధ్యాహ్నం గోడౌన్ వెనక అందరూ ఒకచోట చేరారు. చంటిపిల్ల తల్లి శ్యామల ముందుగా నోరు తెరిచింది.

"సీతక్కా, నువ్వు చెప్తే జైలుకు పోతవ్. చెప్పకుంటే సంగక్క బతుకు ఆగమైతది. ఏం జెయ్యాలె మనం?"

"మూసింది మనమే గదనే. ఏ మొఖంతోని న్యాయమడుగుదం?" అంది ఒక ముసలామె.

సీతాబాయికి కోపమొచ్చింది. "మూసుమన్నదెవలు? ఆగితే కూలి కోసిందెవలు? మన చేతులు పెట్టి వాళ్లు మూసిన్రు! రేపటి సంది ఏ కన్నుకూ బిళ్ల వద్దు. అది కూస్తే చేతులు ఎన్కకు. సంగక్కకు పైసలిచ్చేదాక గిట్లనే."

"పనిల నుంచి తీసేస్తరక్కా."

"తీసేస్తరు," అంది సీతాబాయి. అబద్ధం చెప్పి ధైర్యమివ్వడం ఆమెకు రాదు.

తెల్లారి షెడ్డు ఒకటే మోత. ఒక మిషను కూసి ఆగితే ఇంకొకటి కూసింది. సైరన్ మోగగానే ఆడవాళ్లంతా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ప్రణయ్ బతిమాలాడు, బెదిరించాడు, చివరికి కటింగ్ ప్లేయర్ తెచ్చి కన్నుల వైర్లన్నీ తెంపేశాడు.

"ఇగ కూస్తదా?"

శ్యామల మిషన్లో కాగితం అడ్డంపడింది. మిషను నోరెత్తలేదు. శ్యామల ఎత్తింది. "కూ!" అని గొంతు చించుకుని అరిచి, స్విచ్ దించి చేతులు వెనక్కి కట్టుకుంది. పక్కామె అందుకుంది, ఆ పక్కామె అందుకుంది. షెడ్డంతా మనుషులే కూశారు.

పోలీసులొచ్చారు. సీతాబాయి తనే ఎదురు పోయింది.

"బిళ్ల నాది సారూ. పెట్టుమన్నోడు గీ ప్రణయ్. ఇద్దర్నీ తీస్కపో."

ఒక్క సీతాబాయినే తీసుకుపోయారు. మిగిలినవాళ్లను గేటు బయటికి గెంటారు. సర్కారు కళ్లకు బిళ్లలు ఎవరు పెట్టారో గాని, అవి ఎప్పుడూ ఊడలేదు.

దవాఖానలో సంగమ్మ చెయ్యి మణికట్టు దాకా తీసేశారు. ఇస్సాకు అప్పు చేసి ఇంటికి తెచ్చాడు. ఆమె ఇంట్లో ఉండలేక కట్టుతోనే గేటు దగ్గరికొచ్చి, మిగతా ఆడవాళ్లతో గోనెసంచి మీద కూర్చుంది. సీతాబాయికి బెయిలు రాలేదు. గురులింగప్ప కర్ణాటక ఊళ్ల నుంచి కొత్త ఆడవాళ్లను వ్యాన్లో దింపాడు. వాళ్లకూ ఆకలే గదా, ఎవరిని తిడతాం?

మిషను చప్పుడు బయటి వాళ్లకు కంఠతా వచ్చు. కాగితం అడ్డంపడితే అది టపటపమంటుంది. అన్నప్పుడల్లా గేటు బయటి నుంచి "కూ!" అని అరిచారు, లోపల ఎవరి చెయ్యి ఉందోనని భయంతో అరిచారు. మిషను నడుస్తూనే ఉండేది. వాచ్‌మన్ నవ్వేవాడు. గొంతులు పోయాయి. కొందరు చెరకు కూలికి పోయారు, గేటు దగ్గర గుప్పెడు మంది మిగిలారు.

ఆ రోజూ టపటపమంది. బయట అరిచే ఓపిక శ్యామలకు కూడా లేదు.

లోపల ఎవరో అరిచారు. "నిల్సీ! నిల్సీ!" ఆపమని కన్నడంలో. ఒక గొంతు, తర్వాత ఇంకొకటి. మిషను ఆగింది. వెంటనే ప్రణయ్ బూతులు వినిపించాయి.

బయట ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రేపు వాళ్లకూ ఇదే గతి అని అందరికీ తెలుసు. సంగమ్మ లేచి, ఉన్న ఒక్క చేత్తో గోనెసంచి దులిపి, ఇంకా వెడల్పుగా పరిచింది.

"జర జరుగున్రి," అంది. "వాళ్లొస్తే జాగ కావాలె గద."