మూడో ఫీడరు

మిట్టదొడ్డి చిన్న ఊరే అయినా దాని కరెంటు దానిదే. పెద్ద సబ్‌స్టేషన్ నుంచి కరెంటు తెచ్చుకుని, సొంత స్తంభాల మీద, సొంత మనుషులతో మునిసిపాలిటీయే ఇంటింటికీ పంచుతుంది. ఆ తెచ్చుకున్న దానిలో ఐదో వంతు దారిలో ఏమైపోతోందో కొన్నేళ్ళుగా ఎవరికీ అంతుబట్టలేదు. అందుకని ఏప్రిల్‌లో బెంగళూరు నుంచి కన్సల్టెంట్లను పిలిపించాలని కౌన్సిల్ తీర్మానం చేసింది.

ఆఫీసు గోడకు అంటించిన ఆ నోటీసును లైన్ ఇన్‌స్పెక్టర్ హనుమంతరాయుడు రెండుసార్లు చదివాడు. ‘కంట్రోల్ రూములోని పానెళ్ళన్నీ పరిశీలిస్తారు’ అన్న మాట మీద వేలు పెట్టి మూడోసారి చదివాడు.

కంట్రోల్ రూము నుంచి ఊళ్ళోకి ఐదు లైన్లు పోతాయి. వాటిని ఫీడర్లంటారు. తీగ తెగి నేల మీద పడితే ఆ సంగతి పసిగట్టి, రెప్పపాటులో లైను ఆపేసే రిలే ప్రతి ఫీడరుకూ ఉంటుంది. మూడో ఫీడరు రిలేని రెండేళ్ళ కింద హనుమంతరాయుడు తన చేత్తో చంపేశాడు.

అది మంచినీళ్ళ పంపుహౌసుకు పోయే లైను. ఆ ఎండాకాలం తీగకూ స్తంభానికీ మధ్య ఉండే పింగాణీ ఇన్సులేటర్లు పగుళ్ళిచ్చి, కరెంటు స్తంభంలోకి కారి, దినానికి పదిసార్లు లైను ఆగిపోయేది. ఆరు దినాలు ఊరికి నీళ్ళు లేవు. ఆడవాళ్ళు బిందెలతో ఆఫీసు ముందు కూర్చున్నారు. అప్పటి ఇంజినీరు నాగేశ్వర అతన్ని పక్కకు పిలిచి, “ఏమన్నా చేయి హనుమంతప్పా. లైను మాత్రం ఆగగూడదు” అన్నాడు. హనుమంతరాయుడు పానెలు వెనక తలుపు తెరిచి రిలే నుంచి వచ్చే ఒక వైరు ఊడదీసి, కొసకు టేపు చుట్టాడు. కొత్త ఇన్సులేటర్లు వచ్చినాక మళ్ళీ తగిలించేద్దామనుకున్నాడు. ఇన్సులేటర్లు రాలేదు. నాగేశ్వర బదిలీ అయ్యి పోయాడు. ఒకసారి ధైర్యం చేసి ఆ వైరు తగిలిస్తే గంటలో మూడుసార్లు లైను ఆగింది, ఫోన్లు మోగాయి. మళ్ళీ పీకేశాడు.

అప్పటినుంచీ గాలి లేస్తే చాలు, అతను బండి తీసేవాడు. మూడో ఫీడరు తీగలు బడి పక్కనుంచి పోతాయి. ఆ బడిలో అతని భార్య రామాంజినమ్మ మధ్యాహ్నం పిల్లకాయలకు అన్నం వండుతుంది. గోడ అవతల బండి ఆపి, తీగల్ని చూస్తూ గాలి తగ్గేదాకా నిలబడేవాడు.

కన్సల్టెంట్ల బృందానికి పెద్ద సుష్మిత. ముప్పై నాలుగేళ్ళుంటాయి. అనంతపురంలో వాళ్ళ నాయనకు స్టీలు సామాన్ల అంగడి ఉందని, తనే చెప్పింది. వెంట ఇద్దరు మనుషులు, మీటర్ల పెట్టెలు. వాళ్ళకు ఊరంతా చూపించే పని హనుమంతరాయుడికే పడింది.

కంట్రోల్ రూములో ఆమె మొదటి పానెలు ముందు, రెండో పానెలు ముందు నిలబడి రాసుకుంది. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి హనుమంతరాయుడు తెలియకుండానే పానెలుకూ గోడకూ మధ్య సందులోకి జరిగాడు. వీపు చెమటతో తడిసిపోయింది.

“ఏమన్నా, ఒంట్లో బాగలేదా?” అంది సుష్మిత.

“ఏం ల్యా మేడం. ఎండ.”

ఆమె ముందువైపు ఫోటో తీసుకుని నాలుగోదానికి పోయింది. వెనక తలుపు తెరవమని అడగలేదు. అతనికి ప్రాణం కుదుటపడాల్సింది, పడలేదు. ఇంత చదువుకున్న మనిషికే కనపడలేదంటే ఇంకెవరికీ కనపడదన్న సంగతి అతన్ని మరింత భయపెట్టింది.

ఆ వారం సంగటి ముద్ద ముందర పెట్టుకుని ఊరకే కూర్చున్న మొగుణ్ణి రామాంజినమ్మ అడిగింది. “ఏమైంది నీకు? గాలి తోలితే బడికాడికి వచ్చి నిలబడతావు. పిల్లోళ్ళు నగతాండారు.”

అతను చెప్పాడు. మొత్తం చెప్పాడు.

“నేను దినామూ ఆ తీగల కిందనే గదా పొయ్యి పెడతాండా” అంది రామాంజినమ్మ. “రెండేండ్లు తెలిసీ నాకొక మాట చెప్పకపోతివే.”

ఆమె కంచం తీసుకుని లేచిపోయింది. మరుసటి దినం పొయ్యిని గోడకు దూరంగా, బడికి ఆవలి వైపుకు మార్చుకుంది. ఎందుకమ్మా అని పంతులమ్మ అడిగితే పొగ వస్తాందని చెప్పిందట.

మే రెండో వారంలో కౌన్సిల్ హాల్లో మీటింగు పెట్టారు. సుష్మిత తెర మీద బొమ్మలు చూపిస్తూ ఒక్కో ఫీడరు గురించీ చెప్పింది. ఏడాదిలో మొదటిది అరవైసార్లు ఆగింది, రెండోది డెబ్భైసార్లు. మూడోది తీగ నేలకు తగిలిందన్న కారణంతో ఒక్కసారి కూడా ఆగలేదు.

“ఆ లైను బాగా చూసుకుంటాండారు” అంది. “మూడో ఫీడరు రిలే, దాని వైరింగు ఎట్ల పెట్టినారో మిగతా నాలుగూ అట్లనే పెడితే ఊరికి అంతరాయాలు సగం తగ్గుతాయి. సోమవారం నుంచి మొదలుపెట్టొచ్చు.”

చైర్మన్ బదరీనారాయణ బట్టల వ్యాపారి. సంతోషంతో ముందుకు వంగాడు. “ఆ లైను చూసేది మన హనుమంతరాయుడే. రాప్పా ఇట్ల. శాలువా ఉండాదేమో చూడండి.”

హనుమంతరాయుడు వెనక వరుసలో లేచాడు. నాలుగూ అట్లనే. ఊళ్ళో ప్రతి తీగా, ప్రతి వీధిలో. హాలంతా చప్పట్లు కొడుతోంది. ఎదుటి కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు.

“ఆ లైను బాగలేదు సార్” అన్నాడు. “దాని రిలే పని చేయదు. నేనే వైరు పీకేసినా. తీగ తెగి ఎవరి మీద పడినా అది ఆగదు.”

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సుష్మిత చేతిలోని కాయితాల వైపు చూసుకుంది.

“పానెలు వెనక చూపిస్తావా అన్నా?” అంది.

మిట్టమధ్యాహ్నం అందరూ కంట్రోల్ రూముకు నడిచారు. అతను వెనక తలుపు తెరిచి టేపు చుట్టిన వైరు చూపించాడు. బదరీనారాయణ తల పట్టుకున్నాడు. “ఎండాకాలం పోనీమ్మా. ఇప్పుడు పెడితే లైను ఆగుతాది, నీళ్ళు ఆగుతాయి. జూన్‌లో పెడదాం.”

“ఇప్పుడే పెట్టాల సార్” అంది సుష్మిత. “లేకపోతే నేను రిపోర్టు మీద సంతకం చేయను. ఇది పైకి రాస్తా.”

బదరీనారాయణ సరే కానీండి అన్నట్టు చేయి ఊపాడు. లైను ఆపి, హనుమంతరాయుడే టేపు విప్పి వైరు బిగించాడు. మళ్ళీ కరెంటు ఇచ్చారు. ఇచ్చీ ఇవ్వగానే పానెల్లో టక్కుమని చప్పుడై లైను ఆగిపోయింది. మరోసారి ఇచ్చారు. మళ్ళీ ఆగింది.

“ఇప్పుడే యాడో నేలకు తగులుతాండాది” అన్నాడు హనుమంతరాయుడు.

స్తంభం స్తంభం చూసుకుంటూ నడిచారు. బడి దాటి, పంపుహౌసు దాటి, ఊరి చివర బోరింగు దగ్గర ఆగారు. అక్కడి స్తంభం మీద ఇన్సులేటరు పగిలి, తీగ జారి ఇనుప కమ్మీ మీద పడుకుని ఉంది. అక్కడినుంచి స్తంభాన్ని లాగిపట్టే తీగ గుండా లైను ఆపేదాకా కరెంటు నేలలోకి దిగుతూనే ఉంది. నాలుగేళ్ళుగా వానల్లేక ఎండిన రాతినేల, కరెంటును తొందరగా మింగదు. స్తంభం చుట్టూరా అట్లనే నిలవుంటుంది.

స్తంభం చుట్టూ ఎవరో ముళ్ళకంప వేసి పెట్టారు. చెట్టు నీడలో బర్రెలు కాసే బయ్యన్న కూర్చుని ఉన్నాడు.

“ఈ కంప నువ్వే వేసినావా?” అని అడిగింది సుష్మిత.

“ఊఁ. మూడు దినాలాయె. బర్రెలు ఈడికి రానే రావు. కొట్టినా రావు. నేను వచ్చి చూస్తే అరికాళ్ళు జివ్వుమన్నాయి. పిల్లోళ్ళు నీళ్ళకు వస్తాంటారు గదా అని కంప వేసినా.”

“ఆఫీసుకు చెప్పలేదా?”

“ఫోన్ చేస్తి గదమ్మా. ఆడ ఒకమ్మి ఎత్తింది. మిషను చూసినా తాతా, లైను బాగుండాది, ఏం భయం లేదు పో అనింది.”

ఆ ఎత్తింది కంట్రోల్ రూము ఆపరేటరు జయంతి. వాళ్ళ వెనకనే నిలబడి ఉంది. ఆమె హనుమంతరాయుడి వైపు తిరిగింది.

“పానెల్లో ఏం లేదని నేను చెప్పినా అన్నా. రిలే పని చేస్తాందనుకోని చెప్పినా. ఎవరన్నా చచ్చింటే నా నోటి మాటకే గదా?”

అతను ఆమె వైపు చూడలేకపోయాడు. ముళ్ళకంప అవతల, స్తంభం మొదట్లో, ఎవరో పిల్లలు ఇటుకలు పేర్చి ఆడుకున్న గుర్తులున్నాయి. మూడు దినాల కిందటివో, అంతకు ముందువో. వాటిని చూస్తూ అక్కడే కూర్చుండిపోయాడు.

ఐదు దినాలు ఊరికి ట్యాంకర్లే దిక్కయ్యాయి. జనం అతని ఇంటి ముందుకు వచ్చి తిట్టి పోయారు. రెండేళ్ళు రాని ఇన్సులేటర్లు మూడో దినానికి లారీలో వచ్చాయి. అతన్ని సస్పెండు చేశారు. విచారణలో నాగేశ్వర తాను అట్లాంటి మాటేదీ అనలేదని రాసిచ్చాడు. హనుమంతరాయుడి దగ్గర రుజువు లేదు. వైరు పీకింది తానేనని సంతకం పెట్టాడు.

సుష్మిత పోయే ముందు ఇంటికి వచ్చింది. రామాంజినమ్మ మజ్జిగ ఇస్తే తాగింది. “నేను కూడా తప్పు చేసినానని రిపోర్టులో రాసినా” అంది. “ఒక్కసారి కూడా ఆగని లైను చూసి అనుమానం రావాల్సింది. మెచ్చుకున్నా. నువ్వు నోరు తెరవకపోయింటే సోమవారం నా చేతుల మీదుగానే మిగతా నాలుగు లైన్లూ ఇట్లనే అయిపోయుండేవి.”

నాలుగు నెలల తర్వాత హోదా తగ్గించి, లైన్‌మన్‌గా మళ్ళీ తీసుకున్నారు. జయంతి అతనితో అవసరానికి మించి మాట్లాడదు. ఎక్కడినుంచి ఫోన్ వచ్చినా ఆమె ఇప్పుడు పానెల్ని చూసి జవాబు చెప్పదు, మనిషిని పంపిస్తుంది.

మొన్న మధ్యాహ్నం వాన మొబ్బు పట్టి గాలి లేచినప్పుడు పాతపేట నుంచి ఎవరో ఫోన్ చేశారు, స్తంభం దగ్గర మేక గింజుకుంటోందని. పానెల్లో ఐదు లైన్లూ బాగానే ఉన్నాయి.

“పోయి చూసి రాప్పా” అంది జయంతి.

హనుమంతరాయుడు చేతి తొడుగులు తీసుకుని బండి ఎక్కాడు.